రెండోసారి బాగా చేశాడు

మా బ్యాచ్‌లో కంపెనీ అంటే తెలియనివాళ్లు లేరు. ఆ పేరు చెబితే క్యాంటీన్ క్యాషియరు దగ్గర్నుంచి ప్రిన్సిపాల్‌గారి డ్రైవరు దాకా అందరికీ నవ్వొచ్చేది. డ్రామా కంపెనీకి అది పొట్టి పేరు. ఒక ఏడాది వెనకబడి మా బ్యాచ్‌లోకి వచ్చిపడ్డాడు కాబట్టి వయసులో మాకంటే పెద్ద. అందుకని కంపెనీ అన్న అనేవాళ్లం. గౌరవానికి గౌరవం, వెటకారానికి వెటకారం, రెండూ ఆ ఒక్క పిలుపులో సరిపోయేవి.

రెండో ఏడాదిలో ఒక సబ్జెక్టు నాలుగు మార్కుల్లో పోయిందట. మా డాక్టరు చదువులో ఒకసారి తప్పితే తోటివాళ్లంతా ముందుకు వెళ్లిపోతారు, మనం కొత్త ముఖాల మధ్య కూర్చుని పాత పాఠమే మళ్లీ వినాలి. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే, "మీలాంటి బంగారాలు వెనకాల వస్తున్నారని తెలిసి బండి ఆపాను" అనేవాడు. మేము నవ్వి ఊరుకునేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్లు మండేది ఆ ఊరుకోవడం గురించే.

నాకు కోపం ముక్కు మీదుంటుంది. చిన్నప్పట్నుంచీ అంతే. నాకు చిటపట అని పేరు పెట్టింది కూడా అతనే. ఈ కథ నేను కాక ఇంకెవరైనా చెబితే నన్ను కాస్త మంచిదానిలా చూపిస్తారేమోనని భయం. అందుకే నేనే చెబుతున్నాను.

మా దగ్గర ప్రాక్టికల్ పరీక్ష అంటే రోగిని ముందు కూర్చోబెడతారు. ఇన్ని నిమిషాల్లో ఇన్ని ప్రశ్నలు అడిగి జబ్బేమిటో తేల్చాలి. ఆ ప్రశ్నలడగడాన్ని హిస్టరీ తీసుకోవడం అంటాం. దానికి సాధన కావాలి, సాధనకి రోగులు కావాలి. పరీక్షల నెలలో వార్డుల్లో ఉన్నవాళ్లు పాపం పదో విద్యార్థి వచ్చి "ఎన్నాళ్ల నుంచి దగ్గు?" అని అడిగేసరికి దుప్పటి ముసుగు తన్నేవారు. అప్పుడే కంపెనీ రంగంలోకి దిగేవాడు.

గుండెజబ్బు చేయమంటే మూడు దిండ్లు అడిగి, మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీల్చేవాడు. పక్షవాతం చేస్తే మూతి ఒక పక్కకి లాగి, కుడి కాలు ఈడుస్తూ గది చుట్టూ తిరిగేవాడు. ఒకసారి కిడ్నీలో రాయి చేస్తూ నేల మీద పడి దొర్లుతుంటే, అటు వెళ్తున్న సిస్టర్ పరుగున లోపలికొచ్చి నాడి పట్టుకుంది. తర్వాత సంగతి తెలిసి అతన్ని ట్రేతో కొట్టినంత పని చేసింది. ఆరోజు కడుపు చెక్కలయ్యేలా నవ్వాం.

మా గుంపులో నలుగురం. నేను, నా రూమ్మేట్ ముత్యాలు, పొడుగు, కంపెనీ. ముత్యాలుకి ఆ పేరు దస్తూరి వల్ల వచ్చింది, పొడుగుకి ఎందుకొచ్చిందో చెప్పక్కర్లేదు. అనాటమీ మ్యూజియం వెనక వాడకుండా వదిలేసిన గది ఒకటి ఉండేది. విరిగిన స్టూళ్లు, తుప్పు పట్టిన మంచం, ఒక కాలు పొట్టిదైన బల్ల. భోజనాలయ్యాక రెండు గంటలకి అక్కడ చేరేవాళ్లం. ఒకరు డాక్టరు, అడగాల్సిన ప్రశ్నల జాబితా చేత్తో పట్టుకుని టిక్కులు పెడుతూ అడిగేవాళ్లు. ఒకరు ఫోనులో టైము చూసేవాళ్లు, ఒకరు మార్కులు వేసేవాళ్లు. రోగి మాత్రం ఎప్పుడూ కంపెనీయే.

అతని నాన్న టైలరు. మా నలుగురి తెల్ల ఏప్రన్లూ ఆయనే కుట్టాడు. టేపు తియ్యకుండా మనిషిని ఒకసారి కిందనుంచి పైదాకా చూసి కొలతలు చెప్పేసే మనిషి. కాలేజీకి వచ్చినప్పుడల్లా "మా డాక్టరు ఎక్కడమ్మా?" అని అడిగేవాడు. కొడుకుని పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశాడు. ఆ చివరి నాలుగైదు నెలల్లో కంపెనీ ప్యాంట్లు వదులైపోతే ఇంటికి తీసుకెళ్లి రెండుసార్లు నడుము బిగించి తెచ్చాడు. "చదువు మనిషిని తినేస్తోందమ్మా, అయినా ఇంకెన్నాళ్లు, ఈ ఒక్క ఏడాదే కదా" అన్నాడు నాతో. అంగుళం లెక్కల్లో అంత ఖచ్చితంగా ఉండే మనిషికి, ఆ రెండు అంగుళాలు ఎక్కడికి పోయాయన్న ప్రశ్న రాలేదు. ఆయన్ని అనే అర్హత నాకు లేదనుకోండి. నేను అయిదేళ్లుగా జబ్బుల లక్షణాలే బట్టీ పడుతున్నదాన్ని.

మానసిక వైద్యం మాకు పెద్ద మేడమ్ చెప్పేవారు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. చివరి బెంచీకి వినిపించాలన్న పట్టింపు ఆమెకి ఉండేది కాదు, వినాలనుకున్నవాళ్లే ముందుకి జరిగేవాళ్లు. డిప్రెషన్ పాఠం రోజున ఆమె అన్నమాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "దుఃఖం వేరు, ఈ జబ్బు వేరు. దుఃఖంలో ఉన్నవాడికి ఏం పోగొట్టుకున్నాడో తెలుస్తుంది. ఈ జబ్బులో మనిషి మందగిస్తాడు. నడక, మాట, ఆలోచన, అన్నీ. చాలామంది ఏడవరు. ఏడవగలిగే దశ దాటిపోతుంది." ఇవన్నీ నోట్సులో రాసుకున్నాం. ముత్యాలు ఎర్ర పెన్నుతో గీత కూడా గీసింది.

తర్వాత ఆమె, "ప్రపంచంలో ఎక్కడ లెక్క తీసినా వైద్య విద్యార్థుల్లో నలుగురిలో ఒకరికి ఈ లక్షణాలు కనబడుతున్నాయి. వాళ్లలో డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు ఆరుగురికి ఒక్కరు కూడా ఉండరు" అన్నారు.

మా బెంచీ మీద సరిగ్గా నలుగురం ఉన్నాం. పొడుగు వెంటనే నా వైపు వేలు చూపించాడు. ముత్యాలు కూడా. నాకు ఒళ్లు మండింది. కంపెనీయే నన్ను వెనకేసుకొచ్చాడు.

"దీనికి డిప్రెషనేంట్రా, ఇది పక్కవాళ్లకి తెప్పిస్తుంది గానీ" అన్నాడు.

నవ్వు ఆపుకోలేక పొడుగు బెంచీ కింద దూరాడు. మేడమ్ మా వైపు ఒకసారి చూసి మళ్లీ పాఠంలోకి వెళ్లిపోయారు. నలుగురిలో ఒకరు అన్నప్పుడు, ఆ లెక్క మా బెంచీకి వర్తించదని మాకు అంత నమ్మకం ఎలా వచ్చిందో నాకు తెలియదు. దీపం కింద చీకటి అంటారు. మేమైతే దీపం చేత్తో పట్టుకుని తిరిగినవాళ్లం.

పరీక్షకి ఆరు రోజుల ముందు ఆ వెనక గదిలో చేరాం. ఆరోజు డాక్టరు వంతు నాది.

"అన్నా, ఇవాళ డిప్రెషన్ చెయ్యి" అంది ముత్యాలు, జాబితా నా చేతికిస్తూ.

కంపెనీ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. "అది వద్దులే. మూర్ఛ చేస్తా, చూడ్డానికి బాగుంటుంది" అన్నాడు.

"మూర్ఛ నిన్నే చేశావు. నేల తుడిచి చచ్చాం" అన్నాను నేను. "పరీక్షలో ఖాయంగా వచ్చేది డిప్రెషనే. కానియ్."

సరేనన్నట్టు తల ఊపాడు. పొడుగు టైము మొదలుపెట్టాడు. ఎనిమిది నిమిషాలు, ఇరవై ప్రశ్నలు.

"ఎన్నాళ్ల నుంచండీ బాధ?" అనడిగాను.

అతను నా చేతిలో పెన్ను వైపు చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి, "నాలుగు నెలలు. అయిదేమో" అన్నాడు.

"నిద్ర పడుతోందా?"

మళ్లీ అంతసేపూ ఆగాడు. "పడుతుంది. తెల్లారక ముందే మెలకువ వచ్చేస్తుంది. ఇక పట్టదు."

"ఆకలి?"

"తింటాను. తినాలి కాబట్టి."

"ఇదివరకు ఇష్టంగా చేసిన పనులు ఇప్పుడు చేస్తున్నారా?"

ఈసారి ఎంతసేపు ఆగాడంటే పొడుగు దగ్గాడు. "నలుగురినీ నవ్వించడం ఇష్టంగా ఉండేది. ఇప్పుడూ నవ్విస్తున్నాను. వాళ్లు నవ్వుతుంటే ఎక్కడో దూరాన ఎవరో నవ్వుతున్నట్టుంటుంది" అన్నాడు.

ఆసక్తి తగ్గుట, టిక్.

"మీ గురించి మీకు ఏమనిపిస్తోంది?"

"ఒక సీటు వేస్టు చేశాను. పనికొచ్చేవాడెవడికైనా దక్కేది."

అపరాధ భావం, టిక్. తర్వాతది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. అది అడగకపోతే పరీక్ష తప్పినట్టే. అందుకని గొంతు సవరించుకుని, పుస్తకంలో చెప్పినట్టే మెత్తగా అడిగాను.

"బతకాలని లేదనిపిస్తుందా?"

"అన్నా, టైము అయిపోతోంది" అన్నాడు పొడుగు.

"చచ్చిపోవాలని కాదు" అన్నాడు కంపెనీ, చివరికి. "పొద్దున్నే మెలకువ రాకుండా ఉంటే బాగుండునని."

టిక్ పెట్టాను. ఇంకా నాలుగు ప్రశ్నలుండగానే ఫోను మోగింది. నాకు కోపం నషాళానికి అంటింది.

"ఏంటన్నా ఇది? ఒక్కో జవాబుకి ఇరవై సెకన్లు! లెక్కపెట్టాను. ఇలాగైతే నేను పరీక్షలో మునిగిపోతాను" అన్నాను.

"కన్నీళ్లేవీ? ఒక్క చుక్క కూడా లేకపోతే డిప్రెషనని ఎవడు నమ్ముతాడు?" అన్నాడు పొడుగు.

"గుండెజబ్బుకి నీకు పదికి పది ఇచ్చాను. దీనికి నాలుగు" అంది ముత్యాలు. పాపం, ఎర్ర గీత గీసుకున్నది ఆమే.

"అన్నీ వచ్చు గానీ ఇదొక్కటే నీకు చేతకాలేదన్నా. మళ్లీ మొదట్నుంచి చేద్దాం. ఈసారి త్వరగా జవాబులు చెప్పు. కాస్త ఏడువు" అన్నాను.

అతను తలెత్తి నన్ను చూశాడు. ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. నేను అప్పటికే జాబితాలో కొత్త పేజీ తిప్పుతున్నాను.

"ఏడవాలా?" అన్నాడు.

"ఏడవాలి."

"సరే."

రెండోసారి బాగా చేశాడు. చేతులు నలుపుకున్నాడు, నిట్టూర్చాడు, అడిగిందానికి అడిగినట్టు జవాబిచ్చాడు, బతకాలని లేదా అన్న దగ్గర రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడు నిమిషాల నలభై సెకన్లలో ఇరవై ప్రశ్నలూ అయిపోయాయి. ముగ్గురం చప్పట్లు కొట్టాం. అతను లేచి నాటకంవాళ్లలా వంగి దణ్ణం పెట్టాడు. నేను ఆరోజు హాయిగా నిద్రపోయాను. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

పరీక్ష రోజు పొద్దున్న హాజరు పిలిచే ఆయన కంపెనీ నంబరు మూడుసార్లు పిలిచి, ఎర్రసిరాతో సున్నా చుట్టాడు. "అన్నని మధ్యాహ్నం బ్యాచ్‌లో వేసి ఉంటారు" అంది ముత్యాలు. "లేకపోతే బాత్‌రూంలో ఎవడికో కిడ్నీలో రాయి చేసి చూపిస్తూ ఉంటాడు" అన్నాడు పొడుగు. పరీక్ష భయంలో ఆ నవ్వు కూడా మాకు బలంగానే అనిపించింది. ఎవరి రోగి దగ్గరికి వాళ్లం వెళ్లిపోయాం.

నాకు వచ్చిన రోగి బస్సు కండక్టరు. యాభై ఏళ్లుంటాయి. గోడవారగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చొక్కా గుండీ ఒకటి తప్పుగా పెట్టుకున్నాడు. ఎదురుగా గోడ గడియారం ఉంది. నేను నవ్వుతూ నమస్కారం చెప్పి మొదలుపెట్టాను.

"ఎన్నాళ్ల నుంచండీ బాధ?"

ఆయన నా చేతిలో పెన్ను వైపు చూశాడు.

నేను గడియారం వైపు చూశాను. అయిదు సెకన్లు. పది. పదిహేను. ఆయన కళ్లలో తడి లేదు. ముఖంలో బాధ కూడా లేదు, అసలు ఏమీ లేదు. ఇరవై దగ్గర పెదాలు కదిలాయి.

"వానలప్పట్నుంచమ్మా" అన్నాడు.

రెండో ప్రశ్న అడిగాను. మళ్లీ పెన్ను వైపు చూపు, మళ్లీ అంతే నిశ్శబ్దం. "రూటంతా గుర్తుందమ్మా. స్టాపులన్నీ చెప్పగలను. టికెట్ కొట్టడానికి చెయ్యి లేవదు" అన్నాడు. ఆయన ఎవరి దగ్గరా నటన నేర్చుకోలేదు. కంపెనీ మొదటిసారి చేసింది ఈయన చేస్తున్నదే. అక్షరం తేడా లేదు. మేము నాలుగు మార్కులు వేసింది దీనికి.

కాగితం మీద ఏం రాశానో తెలియదు. ఎర్రసిరా సున్నా కళ్ల ముందు కదిలింది. లేచి నిలబడ్డాను.

"నన్ను క్షమించండి, నేను వెళ్లాలి" అన్నాను.

ఆయన ఎప్పటిలాగే ఆగి, "వెళ్లమ్మా. నాకేం తొందర లేదు" అన్నాడు.

పెద్ద మేడమ్ హాలు చివర బల్ల దగ్గర ఇంకో విద్యార్థిని ప్రశ్నలడుగుతున్నారు. నేను మధ్యలో దూరాను. ఏం చెప్పానో, ఏ వరసలో చెప్పానో గుర్తులేదు. ఆమె అడిగినవి మాత్రం గుర్తున్నాయి.

"జవాబు చెప్పడానికి ఎంతసేపు తీసుకున్నాడు?"

"ఇరవై సెకన్లు మేడమ్."

"ఏడ్చాడా?"

"మొదటిసారి లేదు. రెండోసారి ఏడ్చాడు. మేము ఏడవమంటే."

ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇవాళ వచ్చాడా?"

"రాలేదు."

"పరిగెత్తు. దొరికితే ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకు, తిన్నగా మన ఓపీకి తీసుకురా. వార్డెన్‌కి నేను ఫోన్ చేస్తాను. హాలు ఇంకొకరికి అప్పజెప్పి వస్తాను."

మగపిల్లల హాస్టలు ఆసుపత్రికి వెనక వైపు. ఎండలో పరిగెత్తాను. దారిలో మొక్కని దేవుడు లేడు. అరుదైన జబ్బుల పేర్లు నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని, రోజూ పక్కన కూర్చుని జోకులేసే మనిషిని చూడలేకపోయాను. ఇన్నాళ్లూ ఎవరెవరి మీదో ఖర్చు పెట్టిన నా కోపమంతా ఆరోజు ఆ దారిలో నా మీదకే తిరిగింది.

గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆడపిల్లలు లోపలికి రాకూడదమ్మా."

"కంపెనీ అన్న ఎక్కడ?"

"రూములోనే ఉన్నట్టున్నాడు. పొద్దున్న మంచినీళ్లకి దిగాడు. నాకు జోకు చెప్పకుండా పోయాడు. పరీక్ష హడావిడి అనుకున్నా."

"నన్ను కాలేజీలోంచి గెంటెయ్యమను" అని అతని చెయ్యి తోసేసి మెట్లెక్కాను. నా ముఖంలో ఏం చూశాడో, అతనూ వెనకే పరిగెత్తుకొచ్చాడు.

రెండో అంతస్తు, మెట్ల పక్క గది. తలుపు లోపల గడియ వేసి ఉంది. కొట్టాను. జవాబు లేదు. రెండు చేతులతో బాదాను. "అన్నా! అన్నా, నేను, చిటపటని!" లోపల చడీచప్పుడూ లేదు. వాచ్‌మన్ భుజం ఆనించి తొయ్యడానికి సిద్ధమయ్యాడు. బతికుంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు, నా చదువు పోయినా పర్లేదు అనుకున్నాను. అప్పుడు లోపల గడియ కదిలింది. లేచి తలుపు దాకా రావడానికి అతనికి అంతసేపు పట్టింది.

నున్నగా గెడ్డం గీసుకుని, ఇస్త్రీ బట్టలేసుకుని, వాళ్ల నాన్న కుట్టిన ఏప్రన్ తొడుక్కుని ఉన్నాడు. ఎడమ కాలికి బూటుంది. కుడి కాలు ఖాళీ. కుడి బూటు చేతిలో ఉంది. వెనక్కి నడిచి మళ్లీ మంచం మీద కూర్చున్నాడు.

"ఆరింటి నుంచి ఇది వేసుకుందామని చూస్తున్నాను" అన్నాడు.

అప్పుడు టైము పదకొండున్నర.

నేను నేల మీద అతని ఎదురుగా కూర్చున్నాను. వాచ్‌మన్ గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. అడగాల్సిన ప్రశ్న నాకు తెలుసు. ఈసారి గొంతు సవరించుకోలేదు.

"చచ్చిపోవాలని ఉందా అన్నా?"

అతను ఆగాడు. నేనూ ఆగాను. కిటికీ అవతల ఎవరో బకెట్ పెట్టిన చప్పుడయింది. ఎంతసేపైనా సరే, ఈ జవాబు వినకుండా కదలకూడదనుకున్నాను.

"ఇవాళ ఉంది" అన్నాడు. "పరీక్షకని కాదు నేను తయారైంది. బయటికి వెళ్లిపోదామనుకున్నా, తిరిగి రాకుండా. ఈ రెండో బూటు వేసుకోలేకపోయాను. అంతే."

ఏ జబ్బు అతన్ని చావు వైపు నెట్టిందో, అదే అతని చేతుల్ని కదలనివ్వక ఆ గదిలో ఉంచింది. అందులో మా గొప్ప ఏమీ లేదు. మేమెవరమూ ఆపలేదు.

"ఆరోజు చెప్పింది నిజమేనా? మొదటిసారి?"

తల ఊపాడు. "అలాగైనా ఒకసారి పైకి చెప్పి చూద్దామనుకున్నా. మీకు నచ్చలేదు." నిందించడానికి అన్నట్టు లేదు, జరిగింది చెప్పాడు, అంతే. కాసేపాగి, "ఇప్పుడు ఏడవమంటావా?" అని అడిగాడు.

వెటకారం కాదది. నిజంగానే అడిగాడు. అలా చేస్తేనే నమ్ముతానేమోనని. నేనే ఏడ్చాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పసిపిల్లలా, ఆపుకోలేక ఏడ్చాను. వాచ్‌మన్ లోపలికొచ్చి, వంగి, అతని చేతిలోంచి బూటు తీసుకుని కాలికి తొడిగాడు.

మెట్లు దిగుతుంటే అతని జేబులో ఫోను మోగింది. తియ్యలేదు. నేనే తీశాను. అప్పటికే పదకొండుసార్లు చేశాడు వాళ్ల నాన్న. వెనక మిషన్ల చప్పుడు వినిపిస్తోంది.

"మా డాక్టరు పరీక్ష ఎలా చేశాడమ్మా?"

"నాన్నగారూ, అన్నకి బాగాలేదు. ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. మీరు రండి."

ఒక్క క్షణం ఆయనకి అర్థం కాలేదు. "అదేంటమ్మా, వాడు ఆసుపత్రిలోనే కదా ఉన్నాడు?" అన్నాడు.

ఓపీ దగ్గరికి రండని చెప్పి ఫోను పెట్టేశాను.

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను, ఊరించడం నాకు చేతకాదు. అతను ఉన్నాడు. ఆ ఏడాది చదువు ఆపేశాడు. మందులు పనిచెయ్యడానికి వారాలు పట్టింది, మొదటి మందు పనిచెయ్యనే లేదు. మధ్యలో ఇంకోసారి పరిస్థితి అంతకంటే చెడింది. ఆ వారం వాళ్ల నాన్న కొట్టు మూసి, వార్డులో కొడుకు మంచం పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని వదల్లేదు. నేను ఆ పరీక్ష తప్పాను, ఆర్నెల్ల తర్వాత మళ్లీ రాశాను. నన్ను ఎవరైనా మెచ్చుకుంటే నాకు చెంప పగలగొట్టినట్టుంటుంది. ఆరు రోజులు ఆలస్యంగా పరిగెత్తిన మనిషిని నేను. ఆ ఆరు రోజుల్లో ఏమైనా జరిగి ఉండొచ్చు.

ఆరోజు ఓపీలో జనం కిక్కిరిసి ఉన్నారు. ఒక పక్క నేను, ఒక పక్క వాచ్‌మన్, మధ్యలో అతను. చీటీలు రాసే సిస్టర్ మా తెల్ల ఏప్రన్లు చూడగానే పెన్ను ఊపింది.

"స్టూడెంట్స్‌కి కేసులు మూడింటికి. ఇప్పుడు కాదు."

"కేసు కోసం కాదు సిస్టర్" అన్నాను.

"మరి పేషెంటేడీ?" అని మా వెనక్కి చూసింది. అప్పుడు కంపెనీని గుర్తుపట్టింది. ముఖం విప్పారింది. "ఓహో, నువ్వా బాబూ! ఇవాళ ఏం జబ్బు పట్టుకొచ్చావు?"

నేను చెప్పబోయాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అతని చెయ్యి నా చేతిలో బిగుసుకుంది, అందుకని ఆగాను. అతను ఆమె పెన్ను వైపు చూస్తున్నాడు. వెనక వరసలో ఎవరో "తొందరగా కానివ్వండమ్మా" అని విసుక్కున్నారు. వాచ్‌మన్ వాళ్ల వైపు తిరిగి కళ్లెర్రజేశాడు. సిస్టర్ ఇంకా నవ్వుతూనే ఉంది.

"నేనే సిస్టర్" అన్నాడు. "నాకే బాగాలేదు."

ఆమె నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది. నా ముఖంలోకి చూసింది. మళ్లీ అతని వైపు చూసింది. "నాటకం కాదు కదా?" అంది మెల్లగా.

"కాదండీ."

సిస్టర్ కుర్చీ ముందుకి జరుపుకుని కొత్త చీటీ తీసింది. "వయసెంత నాన్నా?" అనడిగింది. అతను ఆలోచిస్తున్నంతసేపూ వంచిన తల ఎత్తకుండా, పెన్ను కాగితానికి ఆనించి ఊరికే కూర్చుంది.

"ఇరవై నాలుగు" అన్నాడు.